చైనా రైతు తిరుగుబాట్లు: అన్ని లక్షల నోళ్లకు తిండి ఎక్కడి నుంచి వచ్చింది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుగుబాటు సైన్యానికి రోజుకు ఎంత గింజ కావాలి?

సోంగ్ రాజ్యంలో 11వ శతాబ్దంలో పనిచేసిన షెన్ కువో అనే అధికారి మనిషికి రోజుకు 2 షెంగ్‌లు అని లెక్క కట్టాడు. 10 షెంగ్‌లు ఒక దోవ్, 10 దోవ్‌లు ఒక షి. నాటి షెంగ్ ఈనాటి లీటరులో మూడింట రెండు వంతులకు దగ్గరగా ఉంటుంది. కాబట్టి మనిషికి రోజుకు కిలోకు అటూఇటూ, లక్ష మందికి 2,000 షిలు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. తిరుగుబాటు దళంలో లక్ష మంది పోరాడేవాళ్లు ఉంటే తినేవాళ్లు అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటారు. కరువుకు ఊరు వదిలిన రైతు ఒంటరిగా రాడు. భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు వెంట నడుస్తారు. క్రీ.శ. 192లో చింగ్‌జౌ ప్రాంతపు 'పసుపు తలపాగాల' తిరుగుబాటుదారులు సేనాని త్సావ్ త్సావ్‌కు లొంగిపోయినప్పుడు సైనికులు 3 లక్షల పైచిలుకైతే, వెంట ఉన్న ఆడా మగా 10 లక్షల పైమాటే అని చరిత్రకారులు రాశారు. అంకెల్లో అతిశయం ఉండొచ్చు, నిష్పత్తి మాత్రం నమ్మదగినదే.

ఏ గింజ తినేవాళ్లు?

ఉత్తరాన ముఖ్యంగా కొర్రలు. చైనా రాతల్లో 'సు' అని కనిపించే ధాన్యం అచ్చంగా మన కొర్రే. దానితోపాటు వరిగలు, గోధుమ, సోయా, తర్వాతి కాలంలో జొన్న. యాంగ్‌ట్జీ నదికి దక్షిణాన వరి. ఈ తేడా చిన్నది కాదు. దక్షిణాదిలో బలగం కూడగట్టుకుని ఉత్తరానికి వెళ్లిన సైన్యాలకు తిండీ చలీ రెండూ కొత్తవే అయ్యేవి.

మొదటి పూట తిండి ఎలా దొరికేది?

చాలా తిరుగుబాట్లు తిండి తగువుతోనే మొదలయ్యాయి. క్రీ.శ. 17 ప్రాంతంలో జింగ్ ప్రాంతంలో కరువొస్తే జనం చిత్తడి నేలల్లోకి దిగి ఒక రకం తుంగదుంపలు తవ్వుకుని తిన్నారు. దుంపల కోసం కొట్లాటలు మొదలయ్యాయి. ఆ తగువులు తీర్చిన వాంగ్ కువాంగ్, వాంగ్ ఫెంగ్ అనే ఇద్దరినే జనం నాయకులుగా ఎంచుకున్నారు. లూలిన్ దళం అలా పుట్టింది.

ప్రమాదకరమైన కాలం వసంతం చివర. పాత గింజ అడుగంటి, కొత్త గింజ ఇంకా పొట్ట దశలో ఉండే ఆ వారాల్లో అప్పిచ్చే ఆసామి గాదెలో తప్ప ఊళ్లో గింజ ఉండదు. కాబట్టి వరస ఇంచుమించు ఎక్కడైనా ఇదే: ముందు ఆసామి గాదె, తర్వాత కౌంటీ కేంద్రంలోని ప్రభుత్వ కొట్టు, దళం పెరిగితే నదీ తీరపు మహాధాన్యాగారం. కౌంటీ కొట్టు దొరికితే వారాలు గడుస్తాయి. మహాధాన్యాగారం దొరికితే రాజ్యం చేతికొచ్చినంత పని.

ఆ మహాధాన్యాగారాలు ఎలా ఉండేవి? అంత తేలిగ్గా ఎలా చేజిక్కేవి?

పన్ను ధాన్యం పడవల మీద రాజధానికి వెళ్లాలి, దారిలో నది మారినచోట దించి మళ్లీ ఎక్కించాలి. అందుకే అవి రాజధాని గోడల లోపల కాక నదులు, కాలువలు కలిసేచోట ఉండేవి. క్విన్ కాలపు ఆవోసాంగ్ పసుపు నది ఒడ్డున ఉంది. స్వీ కాలపు లువోకౌ, లువో నది పసుపు నదిలో కలిసే దగ్గర ఉంది. పడవలకు అనువైన చోటు కాపలాకూ అనువుగా ఉండాలని లేదు.

లువోకౌ కోట చుట్టుకొలత 20 లీలకు పైనే, అంటే దాదాపు 10 కిలోమీటర్లు. లోపల 3,000 పాతరలు, ఒక్కోదానిలో 8,000 షిలు. అవును, పాతరలే. తెలుగు పల్లెల్లో జొన్నలకు వేసిన పాతరకు ఇది పెద్దన్న. గుంత తవ్వి, అడుగు దిమ్మిస చేసి, మంట వేసి తడి లేకుండా కాల్చి గట్టిపరుస్తారు. దాని మీద బూడిద కలిసిన పొర, ఆపైన చెక్కలు, చాపలు, చాపల మధ్య ఊక పరుస్తారు. గింజ నింపాక మళ్లీ చాప, ఊక, చాప వేసి, మట్టితో మూసేస్తారు. గాలి ఆడకపోవడమే రక్ష. టాంగ్ కాలపు నిబంధనల ప్రకారం ఇలాంటి పాతరలో కొర్రలు 9 ఏళ్లు, దంపిన బియ్యం 5 ఏళ్లు నిలవాలి. తేమ నేలల్లో 5, 3 ఏళ్లు. 1971లో లువోయాంగ్‌లో తవ్విన హాన్‌జియా ధాన్యాగారంలో ఒక పాతర నిండా బొగ్గులా మారిన గింజ సుమారు 250 టన్నులు దొరికింది.

617 వసంతంలో తిరుగుబాటు నాయకులు లీ మీ, జాయ్ రాంగ్ 7,000 మంది ఏరిన సైనికులతో లువోకౌ మీద పడి పట్టుకున్నారు. స్వీ చక్రవర్తి యాంగ్ అప్పుడు దూరాన దక్షిణాన జియాంగ్‌దూలో ఉన్నాడు. అదే ఏడాది లీ మీ దళంలోని షూ షిజీ 5,000 మందితో లియాంగ్ ధాన్యాగారం పట్టుకుని తలుపులు తెరిస్తే పది రోజుల్లో 2 లక్షల మంది సైన్యంలో చేరారు. గింజ దొరికితే మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు.

అంత గింజ చేతిలో ఉండి లీ మీ ఎందుకు ఓడిపోయాడు?

ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నేర్చుకోదగినది ఇదే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

ముందు లెక్క. పాతరలన్నీ నిండుగా ఉన్నాయనుకుంటే 2 కోట్ల 40 లక్షల షిలు. పొట్టుతో ఉన్న 10 దోవ్‌ల కొర్రలు దంపితే ముతక బియ్యం 6 దోవ్‌లు వస్తాయన్నది పాత చైనా గణితంలో స్థిరమైన నిష్పత్తి. అలా చూస్తే 1 కోటి 44 లక్షల షిలు. తినడానికి వచ్చినవాళ్లు కుటుంబాలతో కలిపి 10 లక్షలకు దగ్గర. రోజుకు 20,000 షిలు. కాగితం మీద రెండేళ్లకు దగ్గరగా సరిపోవాలి. లీ మీ లువోకౌలో నిలిచింది ఏడాదిన్నర పైన మాత్రమే. కాబట్టి అతన్ని ముంచింది గింజ తక్కువ కావడం కాదు.

ధాన్యాగారం దగ్గర కాపలా లేదు, చీటీ లేదు, పద్దు లేదు. ఎవరికి కావాల్సినంత వాళ్లు తీసుకున్నారు. మోయలేనంత ఎత్తుకుని, కొంత దూరం పోయాక దారిలో పారబోశారు. కోట నుంచి ఊరి ద్వారం దాకా గింజ కొన్ని అంగుళాల మందాన పరుచుకుని బండ్ల కింద నలిగింది. వచ్చిన జనం దగ్గర కుండలు లేవు. ముళ్లకంప తీగలతో గంపలు అల్లి వాటిలో బియ్యం కడిగారు. కంతల్లోంచి జారిన గింజతో లువో నది రెండు ఒడ్లూ పది లీల మేర తెల్లటి ఇసుకలా కనిపించాయి. అది చూసి లీ మీ సంబరపడ్డాడు. జియా రున్‌ఫూ అనే అతని అధికారి అప్పుడే హెచ్చరించాడు: జనం మూటలు కట్టుకుని వస్తున్నది గింజ కోసం, గింజ అయిపోగానే వచ్చిన దారినే పోతారని. లీ మీ మెచ్చుకుని అతనికే ధాన్యాగారం అప్పగించాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

రెండో దెబ్బ బట్ట. లీ మీ దగ్గర గింజ ఉంది, సైనికులకు ఇవ్వడానికి జీతం, బట్ట లేవు. ఎదురుగా లువోయాంగ్ నగరంలో స్వీ సేనాని వాంగ్ షిచోంగ్ దగ్గర పట్టు, బట్ట గుట్టలుగా ఉన్నాయి, గింజ లేదు. మారకం పెట్టుకుందామని వాంగ్ అడిగాడు. లీ మీ మొదట తటపటాయించి చివరికి ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఆకలికి తాళలేక లువోయాంగ్ నుంచి రోజుకు వందల మంది ఇతని వైపు వస్తుండేవారు. గింజ లోపలికి చేరగానే ఆ రాక తగ్గిపోయింది. తప్పు తెలుసుకుని లీ మీ మారకం ఆపేశాడు. అయినా కడుపు నిండిన వాంగ్ సైన్యం 618 శరత్తులో అతన్ని చితగ్గొట్టింది.

ధాన్యం వెంట మోసుకుపోతే సరిపోదా?

షెన్ కువో లెక్క చూస్తే ఎందుకు సరిపోదో తెలుస్తుంది. కూలీ 6 దోవ్‌లు మోస్తాడు, సైనికుడు తన అయిదు రోజుల తిండి తానే మోసుకుంటాడు. మోసే కూలీ కూడా అందులోంచే తింటాడు. సైనికుడికి ఒక కూలీ ఉంటే 18 రోజులు ముందుకు పోవచ్చు, తిరిగి రావాలంటే 9 రోజులే. ఇద్దరుంటే 26, తిరుగు ప్రయాణంతో 13. ముగ్గురుంటే 31, లేదా 16. మూడో కూలీ వల్ల కలిసొచ్చింది అయిదు రోజులు! లక్ష మంది సైన్యంలో సామాను కాపలాకు మూడో వంతు పోగా పోరాడే 70,000 మందికి 3 లక్షల మంది కూలీలు కావాలని అతను తేల్చాడు.

పశువులు ఎక్కువ మోస్తాయి. ఒంటె 3 షిలు, గుర్రం, కంచర గాడిద ఒకటిన్నర, గాడిద ఒకటి. మేత చాలక చస్తే మాత్రం వాటి మీది గింజనూ అక్కడే వదిలేయాలి.

కూలీలను, బండ్లను రప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. తిరుగుబాటుదారుకు లేదు. అందుకే గింజ తన దగ్గరికి రాదు కాబట్టి తానే గింజ దగ్గరికి పోతాడు. ప్రభుత్వ రాతల్లో 'దేశదిమ్మరి దొంగలు' అన్న తిట్టు వెనక ఉన్న అసలు కారణం ఇదే.

గింజ ఒక్కటీ ఉంటే చాలా?

చాలదు. పొట్టుతో ఉన్న కొర్రలు దంచాలి. రోళ్లు, రోకళ్లు, తిరగళ్లు, అన్నిటికీ మించి దంచే చేతులు కావాలి. వెంట వచ్చిన ఆడవాళ్లు లేకపోతే సైన్యం వంట ఆగిపోయేది. వంటచెరకు మరో చిక్కు. ఒకేచోట వారం దాటి మకాం వేస్తే చుట్టుపక్కల చెట్లు, ఇళ్ల దూలాలు కూడా పొయ్యిలోకి పోతాయి. చిత్తడి నీళ్లు తాగితే విరేచనాలు పట్టుకుంటాయి.

ఇక ఉప్పు. 758లో టాంగ్ ప్రభుత్వం ఉప్పు అమ్మకాన్ని తన గుత్తాధిపత్యం చేసుకుని దోవ్ ధరను 10 కాసుల నుంచి 110కి పెంచింది. తర్వాత కొన్నిచోట్ల అది 370 దాకా పోయింది. అంత ధరకు దొంగ ఉప్పు పుట్టకుండా ఉంటుందా? దొంగ ఉప్పు మోసేవాళ్లకు అడ్డదారులు తెలుసు, పడవలు ఉన్నాయి, ఆయుధాలున్నాయి, ఊరూరా కొనేవాళ్లున్నారు. సైన్యానికి కావాల్సిన సరఫరా దారులు ముందే సిద్ధంగా ఉన్నాయన్నమాట. టాంగ్ చివర్లో తిరుగుబాటు లేపిన వాంగ్ షియాన్‌జీ, హువాంగ్ చావ్ ఇద్దరూ ఆ బాపతే. 1353లో లేచిన జాంగ్ షిచెంగ్ కూడా ఉప్పు పడవలవాడే.

రాజధాని పట్టుకున్నాక ఆకలితో ఎందుకు కూలిపోయేవాళ్లు?

రాజధాని గింజ పండించదు, తింటుంది. చాంగాన్ ఉన్న లోయ అంత నగరాన్ని సొంతంగా పోషించలేదు. బయట నుంచి ధాన్యం పడవలు రావాలి. రాజధాని చేజిక్కిన రోజే ఆ పడవలు ఆగిపోతాయి.

ఎర్ర కనుబొమ్మల దళం క్రీ.శ. 25లో చాంగాన్‌లో అడుగుపెట్టింది. మరుసటి ఏడాదికి గింజ అయిపోయి, నగరాన్ని తగలబెట్టి పడమటికి కదిలింది. కొండల్లో మంచు పడి చాలామంది చచ్చారు. తిరిగి వచ్చి 27లో యీయాంగ్ దగ్గర హాన్ చక్రవర్తి లియూ షియూకు లొంగిపోయారు. అతను ముందు చేసిన పని కౌంటీ వంటశాలల నుంచి లక్షమందికి పైగా ఉన్న వాళ్లకు కడుపు నిండా తిండి పెట్టించడం.

హువాంగ్ చావ్ దారి ఇంకా పొడుగు. 879లో గ్వాంగ్‌జౌ పట్టుకున్నాడు. అక్కడ జ్వరాలు సోకి పది మందిలో ముగ్గురు నలుగురు చనిపోవడంతో ఉత్తరానికి తిరిగాడు. 880 చివరికి చాంగాన్ అతనిదైంది. చుట్టూ ప్రభుత్వ దళాలు దారులు మూసేశాయి, రైతులు కొండల్లోకి పారిపోవడంతో పొలాలు బీడు పడ్డాయి. నగరంలో దోవ్ బియ్యం 30,000 కాసులు పలికింది. 883లో వదిలిపోక తప్పలేదు. ఆ వెంటనే చెన్‌జౌ పట్టణం ముట్టడి దగ్గర దాదాపు 300 రోజులు ఇరుక్కుపోయాడు. ఒకేచోట అన్ని రోజులు కూర్చుని చుట్టుపక్కల ఊళ్లను ఊడ్చుకుతినడం అతని సైన్యానికి చివరి తప్పు.

నరమాంసం తిన్నారన్న మాటలు నిజమేనా?

చెన్‌జౌ ముట్టడి గురించి ఆ రాతలు ఉన్నాయి. రాసినవాళ్లు ఓడినవాళ్ల శత్రువులు, కాబట్టి అంకెలను, రోళ్లలో దంచారన్న వర్ణనను యథాతథంగా తీసుకోకూడదు. అలాగని కొట్టిపారేయకూడదు కూడా. ముట్టడిలో చిక్కిన నగరాల గురించీ, ప్రభుత్వ సైన్యాల గురించీ ఇలాంటివే రాసి ఉన్నాయి.

ఊళ్లను దోచుకోకుండా తిన్న దళాలు ఉన్నాయా?

ఉన్నాయి, పద్ధతులు వేరు. 993లో సిచువాన్‌లో లేచిన తిరుగుబాటులో లీ షున్ ఊళ్లోని సంపన్నులను పిలిచి, ఇంట్లో ఎంత గింజ, ఎంత సొత్తు ఉందో చెప్పించేవాడు. ఇంట్లో ఎన్ని నోళ్లుంటే అంతకు సరిపడా వదిలి, మిగతాది తీసుకుని పేదలకు పంచేవాడు. లెక్క రాసుకుని తీసుకోవడంతో దళం పోయాక కూడా ఊరు బతికేది.

మింగ్ రాజ్యం మీద లేచిన లీ జిచెంగ్ బిరుదు చువాంగ్ రాజు. అతని మనుషులు 'చువాంగ్ రాజొస్తే పన్ను ధాన్యం కట్టక్కర్లేదు' అని పాడించారు. మింగ్ చివర్లో యుద్ధం పేరుతో మీద మీద వేసిన పన్నులకు విసిగిన రైతుకు అంతకన్నా తీపి మాట లేదు. 1641లో లువోయాంగ్ పట్టుకుని, కరువులో కూడా నిండుగా ఉన్న ఫూ యువరాజు కొట్లు తెరిచి పంచారు. సైనికులు వెండి దాచుకోకూడదు, ఊళ్లో ఇళ్లలో దిగకూడదు, గుడ్డ డేరాల్లోనే పడుకోవాలి అన్న కట్టుబాట్లు ఉండేవి. కానీ పన్ను లేదన్నాక రేపటి గింజ ఎక్కడి నుంచి రావాలి? యువరాజుల కొట్లు అయిపోతాయి. 1644లో బీజింగ్ చేరాక అధికారులను చిత్రహింస పెట్టి వెండి కక్కించడం తప్ప ఆదాయం లేకపోయింది. 42 రోజులకే నగరం వదిలారు. మా దృష్టిలో అతన్ని గెలిపించిందీ ఆ నినాదమే, నిలవనివ్వనిదీ అదే.

సొంతంగా సేద్యం చేసినవాళ్లు?

వాళ్లే ఎక్కువ కాలం నిలిచారు. హాన్‌జోంగ్ లోయలో జాంగ్ లూ దాదాపు పాతికేళ్లు పాలించాడు. అతని మతంలో చేరేవాళ్లు 5 దోవ్‌ల బియ్యం ఇచ్చేవారు. దారి వెంట సత్రాలు కట్టించి బియ్యం, మాంసం ఉంచాడు. బాటసారి ఆకలికి సరిపడా తీసుకోవచ్చు, ఎక్కువ తీసుకుంటే దయ్యాలు జబ్బు తెప్పిస్తాయని నమ్మిక. కాపలా ఖర్చు లేకుండా కట్టడి!

డోంగ్‌టింగ్ సరస్సులో జోంగ్ షియాంగ్, యాంగ్ యావ్ దళం 1130 నుంచి 1135 దాకా నిలిచింది. వసంతం, వేసవిలో పొలం పని. శరత్తులో నీళ్లు తగ్గాక పంటను సరస్సులోని కోటలకు చేర్చి, ముసలివాళ్లను, పిల్లలను పడవల్లోకి ఎక్కించి దాడులకు బయలుదేరేవారు. సోంగ్ సేనాని యూవే ఫే 1135 వేసవిలో వచ్చాడు. నీళ్లలో గడ్డి, కుళ్లిన దుంగలు వదిలి వాళ్ల చక్రాల పడవలను కదలనివ్వలేదు.

తిరుగుబాటుదారుల్లో ఈ పని అందరికన్నా బాగా చేసింది జూ యువాన్‌జాంగ్. 'గోడలు ఎత్తుగా కట్టు, గింజ విరివిగా నిల్వచెయ్యి, రాజునని చెప్పుకోవడానికి తొందరపడకు' అని జూ షెంగ్ అనే పండితుడు ఇచ్చిన సలహా పాటించాడు. 1358లో తన సేనాని కాంగ్ మావోచాయ్‌ను కట్టలు, నీటి పారుదల చూడటానికి నియమించాడు. 1363 నాటికి కాంగ్ సైనికులు 15,000 షిలకు పైగా పండించి, తాము తిన్నాక 7,000 షిలు మిగిల్చారు. మిగతా సేనానులు ఇలా ఎందుకు చేయలేకపోయారని జూ మందలించాడు. పట్టుకున్న ఊళ్ల నుంచి 'కోట ధాన్యం' పేరుతో చేసే వసూలును 1360లోనే ఆపేశాడు. పదేళ్లలో ఎదిరి దళాలన్నీ పోయి 1368లో మింగ్ చక్రవర్తి అయ్యాడు.

తైపింగ్‌ల 'పవిత్ర ఖజానా' ఎలా పనిచేసింది?

తైపింగ్‌లు 19వ శతాబ్దంలో హోంగ్ షియుచువాన్ నడిపిన తిరుగుబాటుదారులు. వాళ్లలో చేరినవాళ్లు ఉన్నదంతా అప్పగించాలి, తిండీ బట్టా ఖజానా నుంచి వస్తాయి. 25 మందికి వారానికి 200 జిన్‌ల బియ్యం, 7 జిన్‌ల నూనె, 7 జిన్‌ల ఉప్పు. జిన్ 600 గ్రాములనుకుంటే మనిషికి రోజుకు 680 గ్రాముల పైచిలుకు బియ్యం, 24 గ్రాముల నూనె, అంతే ఉప్పు. ఒంటిపని చేసే మనిషికి మరీ ఎక్కువేం కాదు. మాంసం హోదాను బట్టి ఇచ్చేవారు, కింది సైనికుడికి లేదు.

నగరాలు వరుసగా పట్టుకుంటున్నంత కాలం ఇది నడిచింది. 1853 మార్చిలో నాంజింగ్‌లో స్థిరపడ్డాక కొత్త కొల్లలు ఆగాయి, తినే నోళ్లు పెరిగాయి. 1854కి నగరంలో గంజికి దిగారు. అదే ఏడాది అన్‌హుయి, జియాంగ్‌షీ ఊళ్ల నుంచి పాత పద్ధతిలోనే ధాన్యం, పన్ను వసూలు చేయాలని నిర్ణయించారు. భూమిని సమంగా పంచుతామన్న ప్రకటన ఉన్నా భూస్వామి పేరు మీదే రసీదులు రాశారు. ఆదర్శం వదులుకున్నారని తప్పుపట్టొచ్చు. ఆ పన్ను లేకపోతే ఇంకో పదేళ్లు నిలిచేవాళ్లు మాత్రం కాదు.

1853లో ఉత్తరానికి పంపిన దాదాపు 20,000 మంది దళం టియాంజిన్ దగ్గరికి వెళ్లింది. వెనక సరఫరా దారి లేదు, చలికాలం మీదపడింది. వాళ్లకు సాయంగా వెళ్లిన రెండో దళం 1854లో లిన్‌చింగ్ పట్టుకునేసరికి ప్రభుత్వ సైన్యం అక్కడి గింజనంతా కాల్చేసింది. ఆ దళం ఖాళీ చేతులతో వెనక్కి తిరిగింది.

ప్రభుత్వాలు తిరుగుబాటుదారుల తిండిని ఎలా ఆపేవి?

తెల్ల తామర తిరుగుబాటు (1796-1804) అణచడానికి గోంగ్ జింగ్‌హాన్ వంటి అధికారులు చెప్పిన పద్ధతి ఇది: పల్లెల జనాన్ని, గింజను గోడల కోటల్లోకి చేర్చాలి, బయట ఏమీ మిగలకూడదు, కోటకు ఊరివాళ్లే కాపలా. తిరిగే దళానికి దోచడానికి ఊరు ఉండదు, చేరడానికి ఆకలిగొన్న కుర్రాడు ఉండడు. అయితే కోత అయ్యేలోపు గింజ లోపలికి చేరాలి. ఆలస్యమైతే ఫలం శత్రువుకే.

ప్రభుత్వ సేనాని జెంగ్ గ్వోఫాన్ తైపింగ్‌ల మీద వాడింది ముట్టడి. తైపింగ్‌ల చేతిలోని అన్‌చింగ్ నగరం చుట్టూ రెండు వరుసల కందకాలు, ఒకటి లోపలివాళ్లను ఆపడానికి, ఒకటి బయట నుంచి వచ్చే సాయాన్ని ఆపడానికి. నది మీద మాత్రం విదేశీ వర్తకుల పడవలు లోపలికి బియ్యం అమ్ముతూనే ఉన్నాయి. వాటిని బలవంతంగా ఆపలేక, ఎక్కువ ధర ఇచ్చి ఆ బియ్యం తామే కొనేసే ఉపాయం పన్నారు. 1861 సెప్టెంబర్ 5న అన్‌చింగ్ పడింది.

నాంజింగ్‌కు తూర్పున సుజౌ గింజ ఆధారం. 1863 డిసెంబర్‌లో అది పోయింది. నది మీది జియూఫూ దీవి కోటలు అంతకు ముందే, ఆ వేసవిలోనే పోయాయి. నగరంలో గింజ అడుగంటాక హోంగ్ షియుచువాన్ పెరట్లోని కలుపు మొక్కలను 'తీపి మంచుబిందువులు' అని పిలిచి తినమన్నాడు, తానూ తిన్నాడు. 1864 జూన్ 1న చనిపోయాడు. ఖాళీ స్థలాల్లో గోధుమ చల్లి కాలం నెట్టుకొచ్చిన నగరం జులై 19న గోడ కూలి పడిపోయింది.